వార్తకు పూచీ యెవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ పుస్తకములను గూర్చి ప్రసంగించుట ఆచారము. కాని యీ గదిలో పుస్తకమును తీయువారికన్న పత్రికను విప్పువారే యెక్కువ. తలుపు తెరువగానే బల్లమీద పత్రిక వేయుట, నలుగురు దానిని నాలుగు పుటలుగా పంచుకొనుట, కన్ను కనబడని వృద్ధులకు కుఱ్ఱవాడెవడో బిగ్గరగా చదివి వినిపించుట, ఇది యిచ్చటి నిత్యకృత్యము. ఆ పత్రికను వ్రాయువారి బ్రదుకులలో నేడొక పెద్ద మార్పు వచ్చుచున్నది. కృత్రిమ మేధ యను యంత్రవిద్య వార్తను వ్రాయుటకును, అనువదించుటకును, తెరపై చదువుటకును నేర్చినది. దానివలన పాత్రికేయుల యుద్యోగములేమగును? వారి యుద్యోగములు పోయినచో చదువరికి కలుగు నష్టమేమి? ఈ రెండు ప్రశ్నలను విడదీయరాదు. కావున రెంటిని కలిపియే విచారింపవలెను.

ముందుగా ఒక పాత వార్తను స్మరింతము. భారతయుద్ధము పదునైదవనాడు, అశ్వత్థామ మరణించెనని భీముడు రణభూమిలో కేకవేసెను. ద్రోణాచార్యుడు విని కలతపడెనేకాని నమ్మలేదు. ఆ మాట నిజమా యని ధర్మరాజునే అడిగెను. ధర్మరాజు నోట అదే మాట వచ్చినంతనే ఆయన అస్త్రములను విడిచెను. చచ్చినది ఆ పేరుగల ఏనుగు. ఆ సంగతి ధర్మరాజు వినబడని స్వరమున చెప్పెను. ఇందు గమనింపదగినవి రెండు కలవు. వార్త యొక్కటే, చెప్పినవాడు మారినంతనే దాని విలువ మారినది. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నడచిన ధర్మరాజు రథము ఆ యర్ధసత్యముతో నేలను తాకినది. అనగా వార్త చెప్పినవాడు దానికి మూల్యము చెల్లించెను. పూచీ యనగా ఇదియే.

న్యాయశాస్త్రము జ్ఞానమునకు నాలుగు ప్రమాణములను చెప్పినది. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. శబ్దమనగా ఎవడో పలికిన పలుకు కాదు, ఆప్తుడు పలికిన పలుకు. తెలిసినవాడు, తెలిసినది తెలిసినట్లు చెప్పువాడు ఆప్తుడు. పత్రికలో చదువు ప్రతి వార్తయు మనకు శబ్దప్రమాణమే. ఢిల్లీలో జరిగినదానిని మనము చూడలేదు, చూచినవానిని నమ్మి చదువుచున్నాము. కావున పత్రిక అమ్మునది కాగితము కాదు, సిరా కాదు. అది నమ్మకమును అమ్ముచున్నది.

ఇక యంత్రము సంగతి. 2022 నవంబరు 30వ తేదీన అమెరికాలో ఓపెన్ ఏఐ యను సంస్థ చాట్ జీపీటీ యను యంత్రమును ప్రజలకందించినది. అటుపిమ్మట ఇట్టివి పెక్కులు వచ్చినవి. వీని పని తీరు సామాన్యముగా చెప్పవలెనన్న ఇట్లుండును. లోకమున ఇంతవరకు వ్రాయబడిన కోట్లకొలది పుటలను యంత్రమునకు చదివింతురు. ఏ మాట పిదప ఏ మాట వచ్చుట సహజమో అది లెక్కకట్టుకొనును. అడిగినప్పుడు ఆ లెక్క ననుసరించి మాట ప్రక్కన మాట పేర్చును. ఆ పేర్పు చక్కగనే యుండును. వాక్యము తడబడదు. కాని దానికి ప్రత్యక్షము లేదు. అది వానలో తడియలేదు, రైలుపట్టాల ప్రక్కన నిలువలేదు, ఎవరి కన్నీరును చూడలేదు. ఇతరులు చూచి వ్రాసినదానినే అది తిరిగి కూర్చును.

ఇట్టి యంత్రములు పత్రికా కార్యాలయములలో ఒక్కనాటిలో ప్రవేశింపలేదు. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ యను అమెరికా వార్తాసంస్థ, కంపెనీల త్రైమాసిక లాభనష్టముల వార్తలను యంత్రముచే వ్రాయింప మొదలిడెను. అంతకుముందు మూడు నెలలకు సుమారు 300 వార్తలు మనుష్యులు వ్రాయుచుండగా, యంత్రము వచ్చిన పిదప ఆ సంఖ్య 3,000 దాటినది. అందువలన ఎవరి యుద్యోగమును తీసివేయమని ఆ సంస్థ చెప్పెను. 2018 నవంబరులో చైనావారి షిన్‌హువా సంస్థ యంత్రరూప వ్యాఖ్యాతచే వార్తలు చదివించెను. 2020లో మైక్రోసాఫ్టు సంస్థ తన వార్తల పుటలో వార్తలు ఏర్చి కూర్చు పనిని యంత్రములకప్పగించి, అమెరికాలో సుమారు 50 మందిని, బ్రిటనులో 27 మందిని మాన్పించినది. కొలది దినములకే ఆ యంత్రము, వర్ణవివక్షను గూర్చి ఒక గాయని చెప్పిన మాటల ప్రక్కన, అదే బృందములోని మరియొక గాయని చిత్రమును ముద్రించినది. ఇద్దరును మిశ్రమ సంతతివారు, యంత్రము ఒకరిని మరియొకరిగా పొరబడినది. 2023 జూనులో జర్మనీ దేశపు బిల్డ్ పత్రిక సుమారు 200 ఉద్యోగములను తగ్గింపనున్నదని వార్త వచ్చినది. కొన్ని సంపాదక పనులను, ప్రూఫులు దిద్దు పనిని ఇకమీదట కృత్రిమ మేధ చేయునని యాజమాన్యము ఉద్యోగులకు పంపిన లేఖలో తెలిపెను.

ఇవి దూరదేశపు ముచ్చటలని తలపరాదు. 2023 జూలైలో, ఇచ్ఛాపురము దాటగానే వచ్చు ఒడిశాలో, ఓటీవీవారు ‘లీసా’ యను యంత్ర వ్యాఖ్యాత్రిని తెరపైకి తెచ్చిరి. అదే నెలలో తెలుగున బిగ్ టీవీవారు మరియొక బొమ్మను ప్రవేశపెట్టి దానికి ‘మాయ’ యని పేరు పెట్టిరి. పేరు పెట్టినవారు ఎరిగి పెట్టిరో, ఎరుగక పెట్టిరో కాని ఆ పేరు యథార్థమైనది. 2024 మే 26వ తేదీ నుండి ప్రభుత్వపు దూరదర్శన్ కిసాన్ ఛానలులో ‘కృష్’, ‘భూమి’ యను రెండు యంత్రమూర్తులు కర్షకులకు వార్తలు చెప్పుచున్నవి. అవి యాబది భాషలలో మాటలాడగలవని ప్రభుత్వము ప్రకటించినది. వానికి జీతము లేదు, సెలవు లేదు, దప్పిక లేదు.

అయితే పత్రికలలో యంత్రము మనుష్యుని పని తీయుట ఇదియే మొదలు కాదు. పూర్వము సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి కూర్చు కంపోజిటరులుండిరి. తెలుగు వత్తులను, గుణింతములను చేతివేగముతో పేర్చు ఆ నేర్పు ఏండ్ల సాధన ఫలము. కంప్యూటరు అక్షరములు రాగానే ఆ వృత్తి అంతరించినది. టెలిప్రింటరు నడుపువారు పోయిరి. ప్రూఫులు దిద్దు విభాగము చాలచోట్ల పోయినది. 2020లో కరోనా కాలమున పత్రికల పుటలు తగ్గినవి, ప్రకటనలు తగ్గినవి, కృత్రిమ మేధతో పనిలేకయే పాత్రికేయులెందరో యుద్యోగములు కోల్పోయిరి. కావున దోషమంతయు ఈ క్రొత్త యంత్రముపై మోపుట న్యాయము కాదు. ఐనను ఒక భేదము కలదు. కంపోజిటరు కూర్చినది అక్షరము. ఇప్పటి యంత్రము కూర్చునది అభిప్రాయము. వెనుకటి యంత్రములు చేతి పనిని తీసికొన్నవి, ఇది నోటి మాటను తీసికొనుచున్నది.

తెలుగు పత్రికలలో ఏయే యుద్యోగములకు ముప్పు కలదో విడమరచి చూతము. పత్రికా కార్యాలయమున డెస్కు అను విభాగము కలదు. ఢిల్లీనుండి ఇంగ్లీషున వచ్చు వార్తలను ఉపసంపాదకులు తెలుగు చేయుదురు, శీర్షికలు పెట్టుదురు, పల్లెలనుండి వచ్చిన వార్తలను దిద్ది కుదింతురు. ఈ పనులన్నిటిని యంత్రము క్షణములలో చేయగలదు. పదిమంది చేయు పనిని ముగ్గురు చూచుకొనిన చాలునని యాజమాన్యము తలచుట సహజము. కాని ఆ డెస్కే పాత్రికేయునకు పాఠశాల. అనువాదము చేయుచునే కుఱ్ఱవాడు భాష నేర్చుకొనును, తప్పులు దిద్దించుకొనుచునే వార్త యనగా ఏమో తెలిసికొనును. క్రింది మెట్లు తీసివేసినచో మేడమీదికి ఎక్కువాడెవడు? నేటి పెద్దలు విరమించిన పిదప యంత్రము వ్రాసినదానిలో తప్పు పట్టగలవాడే మిగులడు.

రెండవవాడు మన మండలమున తిరుగు విలేకరి. 1974 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణమున ఈనాడు పత్రిక వెలువడినది. 1989లో అది జిల్లాకొక ప్రత్యేక సంచికను ఆరంభించినది. తక్కిన పత్రికలును ఆ త్రోవనే పట్టినవి. అంతవరకు పత్రికలో తమ యూరి పేరు చూచి యెరుగని గ్రామములవారు తమ చెరువు గండిని, తమ బడి కప్పును, తమ వంతెనను అచ్చులో చూచుకొనిరి. ఆ వార్తలు పంపినవాడు కంట్రిబ్యూటరు. అతడు పేరుకు విలేకరియే కాని ఉద్యోగి కాడు. అచ్చయిన పంక్తుల కొలతను బట్టి వచ్చు స్వల్ప మొత్తమును వారు లైన్ ఎకౌంటు అందురు. పెక్కుమందికి ఆదాయమంతయు అదియే. దానితో పెట్రోలు ఖర్చు వెళ్లుటయు కష్టము. పైగా ప్రకటనలు తెమ్మనియు, చందాలు కట్టింపుమనియు ఒత్తిడి. పాత్రికేయుల రక్షణకై 1955లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. 2011లో మజీఠియా వేతన సంఘపు సిఫార్సులను ప్రభుత్వము ప్రకటింపగా, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వానిని సమర్థించినది. ఆ ఫలములు మండల విలేకరుల గడపవరకు వచ్చుట అరుదు. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత యితని పట్ల నిజమైనది.

ఇట్టివాని పనిని యంత్రము చేయగలదా? ఈ ప్రాంతపు అనుభవమునే సాక్ష్యముగా తీసికొందము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరి తోటలు, జీడి తోటలు కూకటివ్రేళ్లతో కూలినవి. విద్యుత్తు పోయినది, టెలిఫోనులు మూగవోయినవి. యంత్రమునకు ఆహారము సమాచారము. సమాచారము ప్రవహించు తీగయే తెగినప్పుడు అది యేమి వ్రాయును? కూలిన చెట్లను దాటుకొని వజ్రపుకొత్తూరు, మందస, కవిటి మండలముల గ్రామములకు పోయి, ఏ యూరికి నీరు లేదో, ఏ యింటి కప్పు లేచినదో చూచి వచ్చినవారు మనుష్యులు.

2023 అక్టోబరు 29వ తేదీ సాయంకాలము విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద విశాఖపట్టణము-పలాస పాసింజరు రైలును వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొన్నది. ఆ రాత్రి గంటగంటకును మృతుల లెక్క మారినది. చివరకు తేలిన సంఖ్య 14. ఆ రాత్రి ఆసుపత్రి గుమ్మమున నిలిచి, ఒక్కొక్క పేరును, ఊరును బంధువులనడిగి సరిచూచుకొనుట యొక పని. ఒక పేరు తప్పిన ఒక యింటిలో లేని శోకము పుట్టును, లేదా ఉన్న శోకము దాగును. లెక్క వ్రాయువారికి ఈ బాధ్యత తెలియును. అంకె వెనుక ఒక ప్రాణి యున్నదని తెలిసినవాడే ఆ అంకెను రెండవమారు సరిచూచును.

ఉద్దానపు మూత్రపిండముల వ్యాధి సంగతియు అట్టిదే. ఊరూర, ఇంటింట ఆ రోగము తినివేయుచున్నప్పుడు వైద్యులతోబాటు స్థానిక విలేకరులు దానిని గూర్చి ఏండ్ల తరబడి వ్రాసిరి. ఒకనాడు వ్రాసి ఊరకుండలేదు, మరల మరల వ్రాసిరి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమగుటకు వెనుక ఆ వ్రాతల ఒత్తిడియు కొంత కలదు. ఎవరును అడుగని సంగతిని యంత్రము తనంత తాను వెదకికొనిపోదు. అడిగినదానికి బదులు చెప్పును, అంతియే. అడుగవలసినది ఏమో తెలియుటయే పాత్రికేయుని విద్య.

భాష సంగతియు చెప్పవలెను. పార్వతీపురము వైపు కొండవాగును గెడ్డ యందురు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ యని జలాశయములకే పేర్లున్నవి. తక్కిన తెలుగు దేశమున గడ్డ యనగా వేరు. అచ్చు పుస్తకముల తెలుగును మాత్రమే చదివి నేర్చిన యంత్రమునకు ‘గెడ్డ పొంగినది’ యన్న మాటను అందించినచో అది వాగు పొంగెనని గ్రహించునో, ఎవరికో గడ్డ వాచినదని వ్రాయునో చెప్పలేము. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు విభజింపబడి, రాజాం శ్రీకాకుళమునుండి విజయనగరమునకును, పాలకొండ పార్వతీపురము మన్యము జిల్లాకును చేరినవి. దశాబ్దముల పాత వ్రాతలలో అవి శ్రీకాకుళము జిల్లాలోనివే. వానిని చదివి నేర్చిన యంత్రము పాత జిల్లాను వ్రాసినచో ఆశ్చర్యము లేదు. శ్రీకాకుళపు గడ్డమీద 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనుల నోట నున్న భాషకై జీవితమంతయు పోరాడిరి, 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడిపిరి. 1940 జనవరిలో, కన్నుమూయుటకు కొలది దినముల ముందు, ఆయన చివరి విజ్ఞప్తి చేసినది పత్రికా సంపాదకులకే. సవరల భాషను ఆయన నేర్చినది పుస్తకములనుండి కాదు, ఆ జనుల నోటనుండియే. గ్రాంథికమును ప్రేమించువారును ఆయన పద్ధతిలోని సత్యమును కాదనలేరు. నోటినుండి చెవికి వచ్చిన మాటనే వ్రాయువాడు లేనినాడు మన ప్రాంతపు మాట అచ్చులో ఉండదు.

గ్రంథాలయమునకు దగ్గరి ముచ్చట యొకటి కలదు. 2025 మే నెలలో అమెరికాలో చికాగో సన్-టైమ్స్ పత్రిక వేసవిలో చదువదగిన 15 పుస్తకముల జాబితాను ప్రత్యేక అనుబంధమున ప్రచురించినది. రచయితలందరు నిజమైనవారే, పేరుపొందినవారే. కాని అందు పది పుస్తకములు లోకమున లేనే లేవు. కథాసారాంశములతో సహా అన్నియు యంత్రకల్పితములు. ఆ అనుబంధమును పత్రిక స్వయముగా వ్రాయలేదు, వెలుపలి సంస్థనుండి తెప్పించుకొన్నది. వ్రాసినవారు యంత్రముచే వ్రాయించి సరిచూడలేదు. అంతకు రెండు నెలల ముందే ఆ పత్రిక సిబ్బందిలో సుమారు అయిదవ వంతు స్వచ్ఛంద విరమణపై వెళ్లిపోయిరి. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. చూచు కన్నులు తగ్గినప్పుడు లేని పుస్తకములు పుట్టును. పాఠకుడు గ్రంథాలయమునకు వచ్చి ఆ పుస్తకమిమ్మని యడిగినచో గ్రంథపాలకుడు ఏ బీరువాలో వెదకవలెను?

ఇచ్చట ఒక యాక్షేపణ వచ్చును. మనుష్యుడు మాత్రము అబద్ధము వ్రాయడా? వ్రాయును. 2009 ఎన్నికలలో సొమ్ము పుచ్చుకొని వార్తలు వేసిన పత్రికలను గూర్చి ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘము 2010లో నివేదిక సమర్పించినది. ఆంధ్రదేశమును అందు చేరియున్నది. విలేకరి యను పేరుతో బెదిరించి బ్రదుకువారును లేకపోలేదు. కావున మనుష్యుడు దేవుడనియు, యంత్రము రాక్షసియనియు చెప్పుట పొరపాటు. భేదము సత్యసంధతలో లేదు, పూచీలో కలదు. తప్పు వ్రాసిన మనుష్యునకు పేరున్నది, ఇల్లున్నది, అతనిని నిలదీయవచ్చును, కోర్టున నిలుపవచ్చును. అతనికి సిగ్గు కలుగవచ్చును. యంత్రమునకు పేరు లేదు, ముఖము లేదు, సిగ్గు లేదు.

గ్రామలెక్కలు తెలిసినవారికి ఇది క్రొత్త పాఠము కాదు. 1984 జనవరిలో ఈ రాష్ట్రమున కరణము, మునసబు పదవులు రద్దయినవి. కరణములలో దొంగ లెక్కలు వ్రాసినవారుండిరి, పేదల భూములను కలముతో కాజేసినవారుండిరి. ఆ పదవులు వంశపారంపర్యముగా సాగుట న్యాయము కాదు. దానిని తిరిగి కోరువాడెవడును లేడు. పిదప అడంగలు కంప్యూటరులోనికి ఎక్కినది. పని త్వరపడినది, మీట నొక్కిన కాగితము చేతికి వచ్చుచున్నది. మంచిదే. కాని సర్వే నంబరు తారుమారైన రైతు అడిగినప్పుడు ‘కంప్యూటరులో అట్లే యున్నది’ యను సమాధానము వినని యూరున్నదా? వెనుక కరణము వ్రాలు చేసిన పుటకు కరణము బాధ్యుడు. మంచివాడైన దిద్దెను, చెడ్డవాడైన చిక్కెను. కంప్యూటరులో నున్నదానికి ఎవరు బాధ్యులో తెలియక రైతు గుమ్మము గుమ్మము తిరుగుచున్నాడు. వార్తల విషయమున ఈ స్థితి రాకూడదు. ‘యంత్రము అట్లు వ్రాసినది’ యను మాట పత్రికా కార్యాలయపు సమాధానము కాకూడదు.

పూర్వపు శాసనకర్తలు ఈ సంగతి నెరిగిరి. 1867లో చేసిన ముద్రణ చట్టము అచ్చైన ప్రతి కాగితముపై ముద్రాపకుని పేరు, స్థలము ఉండవలెనని విధించినది. పత్రిక చివరి పుట అడుగున సన్నని అక్షరములలో ముద్రాపకుడు, ప్రకాశకుడు, సంపాదకుడు అని కనబడు పేర్లు అందువలన వచ్చినవే. దాని స్థానమున 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 మార్చి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఆ సన్నని పంక్తిని ఎవరును చదువరు. కాని పత్రికయంతటిలో ముఖ్యమైన పంక్తి అదియే. అది పూచీకత్తు.

మరియొక న్యాయమును విచారింపవలెను. యంత్రము చదివి నేర్చిన పుటలను వ్రాసినదెవరు? వారిలో పాత్రికేయులును కలరు. వారి శ్రమను వారి యనుమతి లేక వాడుకొనిరని 2023 డిసెంబరులో న్యూయార్కు టైమ్స్ పత్రికయు, 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టున ఏఎన్ఐ వార్తాసంస్థయు ఓపెన్ ఏఐపై దావాలు వేసినవి. విత్తనము ఒకరిది, చాకిరి ఒకరిది, కుప్ప మరియొకరి కళ్లమున పడినప్పుడు తగవు రాక తప్పదు. పైగా విలేకరులు లేకపోయినచో రేపటి యంత్రమునకు చదువుటకు క్రొత్త వార్తయే లేదు. ఆవును అమ్ముకొని పెరుగునకు ఎదురుచూచినట్లగును.

ఇక జమాఖర్చు వ్రాయుదము. జమ వైపున కొన్ని నిజముగా కలవు. కన్ను కనబడనివారికి పత్రికను యంత్రము చదివి వినిపించును. పరభాషా వార్త వెంటనే తెలుగున అందును. వందల పుటల ప్రభుత్వ నివేదికలో కావలసిన పంక్తిని విలేకరికి వెదకి యిచ్చును. ధరల పట్టికలు, వాన లెక్కలు కూర్చు విసుగు పనిని తగ్గించును. విలేకరి చేతిలో పనిముట్టుగా నున్నంతవరకు ఇది లాభమే. ఖర్చు వైపున డెస్కులోని యుద్యోగములు, వానితో పోవు శిక్షణ, పల్లె విలేకరికి రావలసిన పైకము, ప్రాంతపు పలుకు, అన్నిటికన్న పైన చదువరి నమ్మకము. యంత్రముచే మిగిలిన సొమ్మును యాజమాన్యములు గ్రామములలో తిరుగువారికి జీతముగా నిచ్చినచో లెక్క సరిపోవును. మిగిలినదంతయు లాభమని పెట్టెలో వేసికొన్నచో నిలువ కనబడునే కాని మూలధనము కరిగిపోవును.

ఇందు గ్రామస్థులు చేయదగినది ఏమున్నది? మూడు పనులు కలవు. మొదటిది, విలేకరి తిరుగు పత్రికకు చందా కట్టుట. ఉచితముగా చరవాణిలో వచ్చినది చాలుననుకొన్నచో విలేకరి జీతము ఎవరిచ్చెదరు? రెండవది, ప్రతి వార్తను మూడు ప్రశ్నలడుగుట. ఎవరు చూచిరి? ఎవరి పేరున వచ్చినది? తప్పైనచో ఎవరు దిద్దుదురు? ఈ మూటికిని బదులు లేని వార్తను, అది యెంత చక్కని తెలుగున నున్నను, పదిమందికి పంపకుండుట. మూడవది, ఈ గ్రంథాలయమున ఒక గ్రామవార్తా పుస్తకమును ఉంచుట. ఊరికి సంబంధించిన సంగతి జరిగిన నాడే తేదీ వేసి, చూచినవారు చెప్పగా వ్రాసి, క్రింద వారి సంతకమో వ్రేలిముద్రయో తీసికొనవలెను. పత్రికలో మన యూరిని గూర్చి తప్పు వచ్చినచో ఆ పుటను చూపి సంపాదకునకు లేఖ వ్రాయవచ్చును. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. శ్రీకాకుళమున కాళీపట్నం రామారావు మాష్టారు 1997 ఫిబ్రవరి 22వ తేదీన కథానిలయమును స్థాపించి, చెదరిపోవుచున్న తెలుగు కథలను పత్రికల పుటలనుండి ఏరి ఒక కప్పుక్రింద చేర్చిరి. ఆయన 2021లో కాలధర్మము చెందిరి, ఆ నిలయము నిలిచియున్నది. ఒక బడిపంతులు తలపెట్టిన పని అంతటిదైనప్పుడు, ఊరంతయు కలిసి ఒక పుస్తకమును నడుపలేదా?

రాబోవు ఇరువదియైదేండ్లలో పత్రిక కాగితముపై నుండునో, అద్దముపై నుండునో చెప్పలేము. అది ఏ రూపమున వచ్చినను, దానివెనుక చూచినవాడొకడు ఉండవలెను, అతనికి కూడు ఉండవలెను, అతని పేరు వార్తపై ఉండవలెను. స్వర్ణోత్సవమునాడు ఇదే బల్లచుట్టు కూర్చుండు పిల్లలు వార్త చదివి ‘ఇది ఎవరు చూచి వ్రాసిరి?’ అని యడిగినప్పుడు, ఒక మనుష్యుని పేరు బదులుగా దొరకునుగాక.

ఈ గ్రంథాలయమును నాటినవారికిని, ఇరువదియైదేండ్లు నీరు పోసినవారికిని జయమగుగాక. స్వస్తి.